గేటు లేని కార్ఖానా

షోలాపూర్ తూర్పు భాగాన్ని ఇక్కడ పూర్వభాగ్ అంటారు. ఆ గల్లీల్లో పగటిపూట నడిస్తే ముందుగా చెవిన పడేది పవర్‌లూమ్‌ల మోత. ఆ మోతకు అలవాటుపడ్డాక దాని అడుగున మరో చప్పుడు వినిపిస్తుంది. అది గడప పక్కన కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతుల్లోని కత్తెరది. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించడం, చిటికెడు జర్దా (పొగాకు పొడి) పోసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం, మళ్లీ ఇంకో ఆకు. మా అమ్మమ్మ ఈ పని చేస్తూనే మాట్లాడేది, కోప్పడేది, మనవల ఎక్కాలు సరిచూసేది. ఆమె రేషన్ కార్డు, బీడీ యూనియన్ కార్డు ఒకే రేకు డబ్బాలో ఉండేవి. రెండింటిలో ఏది పోయినా ఇల్లు గడవదని ఆమె లెక్క.

ఆ రెండు కార్డులు ఒకే డబ్బాలోకి ఎలా చేరాయో అర్థమైతే, ఈ ఊళ్లో యూనియన్ నాయకుడు నగర నాయకుడిగా ఎలా మారతాడో అర్థమవుతుంది. అధికారం మీద ఆశ అని కొందరంటారు, ప్రజాసేవ అని మరికొందరంటారు. మనుషుల్లో రెండూ ఉంటాయి, కాదనను. కానీ ఇక్కడ ఆ మార్పు తెచ్చింది ప్రధానంగా పని స్వభావమే. ఎన్నికల్లో ఆ నాయకుణ్ణి దెబ్బతీసినదాంట్లో కూడా దానికి పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం.

షోలాపూర్ కర్ణాటకను ఆనుకున్న మహారాష్ట్ర జిల్లా. నగరంలో మరాఠీ, కన్నడం, ఉర్దూ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి. తెలుగువాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి కరువులు తరిమితే, మగ్గం పని పిలిస్తే తరతరాలుగా వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఇక్కడ మొదటి నూలు మిల్లు 1877లో వెలిసింది. తర్వాత మరికొన్ని పెద్ద మిల్లులు వచ్చాయి. మిల్లు నూలు చేనేతకు ఊపిరి పోసింది. చేనేత నుంచి పవర్‌లూమ్ పుట్టింది. మనం షోలాపూర్ దుప్పటి అని పిలిచే చద్దరు, టవలు ఈ తూర్పు గల్లీల పనే. ఆ చద్దరుకు 2005లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మగవాళ్లు మగ్గం మీద, ఆడవాళ్లు బీడీ చాట ముందు. చాలా ఇళ్లలో పని ఇలాగే పంచుకునేవాళ్లు. నూలు ధర పెరిగి మగ్గం ఆగిన వారాల్లో ఇంటిని నిలబెట్టింది ఆ చాటే.

పోరాటం ఈ ఊరికి కొత్త కాదు. 1930 మే నెలలో గాంధీ అరెస్టు వార్త వచ్చాక మిల్లు కార్మికులతో సహా ఊరు ఊరంతా రోడ్డెక్కింది. కొన్ని రోజులు ఇక్కడ బ్రిటిష్ పాలన కనిపించకుండా పోయింది. తర్వాత మార్షల్ లా విధించారు. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిషన్ సారడా అనే నలుగురిని 1931 జనవరి 12న ఉరితీశారు. ఆ నలుగురి పేర్లు వినకుండా ఇక్కడ ఏ పిల్లవాడూ పెరగడు. సమ్మె, ఊరేగింపు, మున్సిపాలిటీ, స్వరాజ్యం ఈ ఊరి జ్ఞాపకంలో ఒకే ముడిలో ఉన్నాయి.

మిల్లు యూనియన్‌కు ఒక సౌకర్యం ఉండేది. మిల్లుకు గేటు ఉంది. భోంగా (మిల్లు సైరన్) మోగగానే వేలమంది ఒకే దారిన బయటికి వస్తారు. నాయకుడు ఒక స్టూలు వేసుకుని దాని మీద నిలబడితే చాలు, సభ సిద్ధం. యజమాని ఎవరో తెలుసు, అతని ఆఫీసు కిటికీ కూడా అక్కడినుంచే కనిపిస్తుంది. 1960ల నుంచి మొదలై కొత్త శతాబ్దం వచ్చేసరికి ఆ పెద్ద మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. మిగిలింది మగ్గాల షెడ్లు, బీడీ చాటలు. వీటిలో బీడీకి గేటే లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే చట్టంలోకి వెళ్లాలి. 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చాక, ఒకే కప్పు కింద పదుల మందిని కూర్చోబెట్టి బీడీలు చుట్టించడం యజమానులకు ఖర్చయింది. పని గంటలు, సెలవులు, మరుగుదొడ్లు, తనిఖీలు అన్నీ మెడకు చుట్టుకున్నాయి. దేశంలో చాలాచోట్ల వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. ఆకు, జర్దా ఇంటికి పంపించు, బీడీలు తెప్పించుకో, మధ్యలో ఒక ఠేకేదారును, అంటే కాంట్రాక్టరును పెట్టు. దాంతో కార్ఖానా అద్దె తప్పింది, దీపం ఖర్చు తప్పింది, చట్టం కూడా తప్పినట్టే కనిపించింది. ‘ఈమె మా కార్మికురాలు కాదు, ఇంట్లో కూర్చుని సరుకు తయారుచేసి ఇచ్చే మనిషి’ అని వాదించే వీలు దొరికింది.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఈ వాదనను ఎదుర్కోవడానికి వచ్చిందే. ఇంట్లో చుట్టే మనిషి కూడా ఉద్యోగే, ఠేకేదారు మధ్యలో ఉన్నా అసలు యజమాని బాధ్యత పోదు అని అది చెప్పింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. 1976లో బీడీల మీద సెస్ (ప్రత్యేక పన్ను) వేసి కార్మికుల సంక్షేమ నిధి ఏర్పాటు చేశారు. 1977లో భవిష్యనిధి (పీఎఫ్) చట్టాన్ని బీడీ పరిశ్రమకు వర్తింపజేశారు. దాని మీద మళ్లీ కోర్టు, మళ్లీ అదే వాదన. 1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఒక విషయం నాకు ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వు, కోపం కలిసి వస్తాయి.

బీడీలు అప్పగించే చోట ‘ఛాట్’ తీస్తారు. కట్టలు విప్పి, నచ్చని బీడీలను పక్కకు నెట్టడం. వాటికి కూలి ఉండదు, చాలాసార్లు అవి తిరిగి చేతికీ రావు. వెయ్యి చుట్టిన మనిషి తొమ్మిది వందల చిల్లరకే కూలి తీసుకుని ఇంటికి వచ్చిన రోజులు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఆకు నాసిరకమైతే, తగ్గిన బీడీల కోసం సొంత డబ్బుతో ఆకు కొనాలి. మా అమ్మమ్మకు ఆ ఛాట్ తీసే మనిషి మీద ఉన్నంత కోపం ఇంకెవరి మీదా లేదు. సుప్రీంకోర్టు ఆ ఛాట్‌నే సాక్ష్యంగా తీసుకుంది. సరుకు నచ్చకపోతే తిరస్కరించే హక్కు యజమానికి ఉందంటే పని మీద అదుపు అతనిదే అన్నమాట, అదుపు ఉన్నచోట ఉద్యోగ సంబంధం ఉన్నట్టే, కాబట్టి భవిష్యనిధి కట్టాల్సిందే అన్నది తీర్పు సారం. వాళ్ల కూలిని కొరికిన పన్నే వాళ్లు కార్మికులని రుజువు చేసింది.

చట్టం కాగితం మీద గెలిచింది. ఇంట్లో కూర్చున్న మనిషికి అది చేరాలంటే ఇంకా బోలెడు కాగితాలు కావాలి. ఆమె ఫలానా కంపెనీకి చుడుతుందని చూపే లెక్కల పుస్తకం, లాగ్‌బుక్, ఉండాలి. గుర్తింపు కార్డు ఉండాలి. ఆ కార్డు ఉంటేనే సంక్షేమ నిధి వైద్యం, పిల్లల స్కాలర్‌షిప్. భవిష్యనిధి తీసుకోవాలంటే పేరులో ఒక అక్షరం తేడా ఉండకూడదు. ఇక్కడే మన తెలుగు పేర్ల కథ మొదలవుతుంది. మనకు ఇంటిపేరు ముందు, మహారాష్ట్రలో వెనక. మధ్యలో భర్త పేరు. ఒకే లక్ష్మిబాయి మూడు కాగితాల్లో ముగ్గురు ఆడవాళ్లవుతుంది. ఆ ముగ్గురినీ ఒక్కరిగా కలపడం యూనియన్ ఆఫీసు రోజువారీ పని. సమ్మెలు ఎప్పుడో ఒకసారి జరుగుతాయి, అర్జీలు రోజూ ఉంటాయి. గేటు లేదు కాబట్టి నాయకుడు గల్లీకి వస్తాడు. గల్లీలోకి వచ్చినవాడికి ఇల్లు కనబడుతుంది. అసలు మలుపు అక్కడుంది.

ఇల్లే కార్ఖానా అయినప్పుడు ఇంటి కష్టమే కార్మిక సమస్య. కప్పు కురిస్తే ఆకు బూజు పడుతుంది, బూజు పట్టిన ఆకుతో చుట్టిన బీడీ ఛాట్‌లో పోతుంది. వీధి మురుగు లోపలికి వస్తే ఆ పూట పని లేదు. అన్నిటికీ మించింది నీళ్లు. ఈ నగరానికి దూరాన ఉజని డ్యామ్ నుంచి కూడా నీళ్లు తెచ్చుకుంటారు, అయినా నల్లా రోజూ రాదు. కొన్ని రోజులకు ఒకసారి వస్తుంది. వచ్చే వేళ కోసం కాచుకుని, వచ్చాక బిందెలు, డ్రమ్ములు నింపుకునే గంటలన్నీ బీడీ చుట్టని గంటలే. వెయ్యికి ఇంత అని కూలి కట్టే పనిలో నీళ్ల కోసం పోయిన పూటకు కూలి ఎవరు ఇస్తారు? కంపెనీ ఇవ్వదు. దానికి జవాబు చెప్పాల్సింది నగరపాలిక. అందుకే వెయ్యి బీడీలకు కూలి పెంచాలని మొదలైన అర్జీ, నల్లా టైము మార్చాలన్న అర్జీగా, గల్లీలో మరుగుదొడ్డి కట్టాలన్న అర్జీగా సాగుతుంది. ఆ అర్జీ పట్టుకున్న మనిషి యూనియన్ జెండా కిందే ఉంటాడు, కాళ్లు మాత్రం నగరపాలిక మెట్ల మీద ఉంటాయి.

ఆడం మాస్తర్‌గా పిలిచే నర్సయ్య ఆడం జీవితాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. సీపీఎం, దాని అనుబంధ కార్మిక సంఘం సీఐటీయూ నాయకుడు. బీడీ, మగ్గం కార్మికుల మధ్యనే రాజకీయం నేర్చిన తెలుగు మనిషి. మహారాష్ట్ర శాసనసభకు ఈ నగరం నుంచి 1978లో, 1995లో, 2004లో మూడుసార్లు గెలిచారు. ఆ సంవత్సరాల మధ్య ఖాళీలు గమనించండి. గెలుపు ఎప్పుడూ వరసగా రాలేదు. 2009లో కాంగ్రెస్ అభ్యర్థి ప్రణీతి శిందే చేతిలో ఓడారు. తర్వాత 2014, 2019, 2024 ఎన్నికల్లోనూ ఓటమే. ఎమ్మెల్యే అయినా, కాకపోయినా ఆయన చేసిన పని మాత్రం ఒకటే. ఇళ్లు.

శాసనసభ్యుడు కార్ఖానాలు తేగలడు, రోడ్లు వేయించగలడు. ఒక కార్మిక సంఘం ఊరంత కాలనీ కట్టించడం అరుదు. ఈ కథలో మొదటి పెద్ద మెట్టు బీడీ కార్మిక మహిళల కోసం నగరం పక్కన కుంభారి దగ్గర కట్టిన పది వేల ఇళ్లు. వాటికి వార్లీ ఆదివాసీల పోరాట నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టారు. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అందజేశారు. రెండోది రే నగర్. ఈసారి ముప్పై వేల ఇళ్లు. బీడీ, మగ్గం కార్మికులతో పాటు చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్ల వంటి అసంఘటిత కార్మికులకు. 2019 జనవరి 9న ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న ఆయనే మళ్లీ వచ్చి అందులో పదిహేను వేల ఇళ్లు అప్పగించారు. చిన్నప్పుడు తనకూ ఇలాంటి ఇల్లు ఉండి ఉంటే అంటూ ఆయన గొంతు పూడుకుపోవడం దేశమంతా టీవీలో చూసింది.

ఈ ఇళ్ల లెక్క ఎలా పనిచేస్తుందో చాలామందికి తెలియదు, నిజానికి తెలుసుకోవాల్సింది అదే. బీడీ చుట్టే మనిషికి బ్యాంకు అప్పు ఇవ్వదు. జీతం చీటీ లేదు, తాకట్టుకు ఆస్తి లేదు. నగరంలో స్థలం కొనే తాహతు ఒక్కరికీ లేదు. అదే వేలమంది సహకార సంఘాలుగా ఏర్పడి తలా కొంత వేసుకుంటే, నగరం హద్దు దాటాక చవకగా దొరికే భూమి కొనవచ్చు. భూమి చేతిలో ఉంటే ప్రభుత్వ పథకానికి అర్హత వస్తుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇలాంటి ఇంటికి కేంద్రం వాటా లక్షన్నర, మహారాష్ట్ర వాటా లక్ష. మిగతాది లబ్ధిదారు తన పొదుపుతో, అప్పుతో పూడ్చుకోవాలి. అంటే ఇక్కడ యూనియన్ పని ముప్పై వేల మందిని ఒక్క సంతకంగా మార్చడం. ఆ సంతకాన్ని జిల్లా కలెక్టర్ బల్ల నుంచి ముంబైలోని రాష్ట్ర సచివాలయం మంత్రాలయ దాకా, అక్కడినుంచి ఢిల్లీ దాకా మోయడం. మధ్యలో ప్రభుత్వాలు మారతాయి, ఫైలు మాత్రం కదలాలి.

ఫైలు కదలాలంటే అధికారంలో ఉన్నవాళ్లతో మాట్లాడాలి. ఆ చిక్కు 2019లో బయటపడింది. శంకుస్థాపన వేదిక మీద ఆడం మాస్తర్ మోదీ ప్రభుత్వాన్ని మెచ్చుకున్నారు. సీపీఎం ఆయనను కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది. అప్పట్లో దీన్ని కొందరు వెక్కిరింతగా, కొందరు ద్రోహంగా చూశారు. నాకు రెండు వైపులా న్యాయం కనబడుతుంది. ఎన్నికలు రెండు మూడు నెలల్లో ఉండగా, ప్రత్యర్థిని వేదిక మీద పొగిడితే ఏ పార్టీ ఊరుకోదు. మరోవైపు, ముప్పై వేల అర్జీలు చేతిలో పెట్టుకున్న మనిషి, వాటి మీద సంతకం చేసినవాడికి నాలుగు మంచి మాటలు చెప్పకుండా ఎలా దిగుతాడు? పార్టీకి కావలసింది రాజకీయ రేఖ. యూనియన్‌కు కావలసింది మంజూరు ఉత్తర్వు. మామూలు రోజుల్లో ఈ రెండూ ఒకే మనిషిలో సర్దుకుపోతాయి. ఆ రోజు వేదిక మీద సర్దుకోలేదు.

మరి ఇన్ని ఇళ్లు కట్టించిన మనిషికి ఓట్లు ఎందుకు పడలేదు? బయటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇది. ‘కృతజ్ఞత లేని జనం’ అనే జవాబు నాకు నచ్చదు, పైగా అది తప్పు కూడా. ముందు భూగోళం చూడండి. కుంభారి నగరపాలిక పరిధిలో లేదు, దక్షిణ షోలాపూర్ తాలూకాలోని గ్రామం. ఆయన పోటీ చేసే నగర మధ్య నియోజకవర్గానికి బయట. అద్దె గదిలోంచి సొంతింటికి వెళ్లి, చిరునామా మార్చుకున్న ప్రతి కుటుంబం ఓటును కూడా వెంట తీసుకుపోతుంది. తన ఓటర్లకు ఇల్లు కట్టించి, ఆ పనితోనే వాళ్లను నియోజకవర్గం దాటించిన నాయకుడు దేశంలో ఇంకెక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు. నగరంలో అంత చవక భూమి లేదు కాబట్టి వేరే దారీ లేదు.

రెండో కారణం వార్డుల కూర్పు. యూనియన్ బలం గల్లీ బలం. మహారాష్ట్ర నగరపాలికల్లో ఎన్నిక ఎన్నికకూ వార్డు రూపం మారింది. 2007లో వార్డుకు ఒక సభ్యుడు, 2012లో ఇద్దరు, 2017లో నలుగురు. వార్డు చిన్నదైతే నాలుగు గల్లీల్లో ప్రతి తలుపూ తట్టగల కార్మిక నాయకుడు నెగ్గగలడు. నలుగురు సభ్యుల పెద్ద వార్డులో డబ్బు, జెండా, వాహనాలు, నాలుగు కులాల సమీకరణ కావాలి. 2017లో షోలాపూర్ నగరపాలికలోని 102 స్థానాల్లో బీజేపీకి 49 వచ్చాయి, సీపీఎంకు వచ్చింది ఒకటి. 2022 మార్చిలో ఆ పాలకవర్గం గడువు ముగిశాక 2026 జనవరి దాకా ఎన్నికే జరగలేదు. దాదాపు నాలుగేళ్లు అర్జీ పట్టుకుని వెళ్లడానికి కార్పొరేటరే లేడు, కమిషనర్ ఒక్కరే.

మూడోది మన తెలుగువాళ్ల సంగతి. పద్మశాలీ ఓటు ఎప్పుడూ ఒకే బుట్టలో లేదు. ఈ నగరం నుంచి లోక్‌సభకు వెళ్లిన గంగాధర్ కూచన్, ధర్మన్న సాదుల్ కాంగ్రెస్ వాళ్లు, 1996లో గెలిచిన లింగరాజ్ వల్యాల్ బీజేపీ. ముగ్గురూ తెలుగువాళ్లే. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 నుంచి లోక్‌సభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయింది. దాంతో ఢిల్లీ ఆశ ఉన్న పద్మశాలీ నాయకులకు శాసనసభ స్థానాలు, నగరపాలికే మిగిలాయి. ఒకే మైదానంలో ఆటగాళ్లు ఎక్కువయ్యారు. మగ్గం యజమాని, మగ్గం కార్మికుడు ఇద్దరూ ఒకే కులం, ఒకే కులదైవం మార్కండేయ స్వామి రథం తాడు పట్టేవాళ్లు. కూలి రోజున వాళ్లు రెండు పక్షాలు, రథం రోజున ఒకే పక్షం. ఎన్నికల రోజు ఈ రెండింటిలో దేన్ని పోలి ఉంటే ఫలితం అటు వెళ్తుంది. ఈ మధ్య చాలా ఎన్నికలు రథం రోజులాగే జరిగాయి. జనం అవకాశవాదులై ఇలా చేస్తున్నారని అనుకోను. భవిష్యనిధి ఫారం నింపడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఓటు ఎవరికి వేయాలో వేర్వేరు ప్రశ్నలుగా చూడటం వాళ్లకు తెలుసు.

యూనియన్ వైపు లోపాలు లేవనను. 1978లో పోటీ చేసిన మనిషే 2024లోనూ పోటీ చేయడం ఆ మనిషి ఓపికను చూపుతుంది, సంస్థ బలహీనతను కూడా చూపుతుంది. సభ్యులు ఎక్కువగా ఆడవాళ్లు, అసెంబ్లీకి నిలబడే ముఖం మగమనిషిది. ఇంకో మాట చెప్పడం కష్టమే గానీ చెప్పాలి. బీడీ తాగినవాడి ఊపిరితిత్తులతో పాటు చుట్టేవాళ్ల ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది. పొగాకు దుమ్ములో పుట్టిన దగ్గు ఈ గల్లీల్లో అందరికీ తెలిసిందే. ఆ పనిని కాపాడటానికే పోరాడాల్సి రావడం ఈ యూనియన్‌కు మొదటినుంచీ ఉన్న ఇరకాటం. మా తరం ఆడపిల్లలు చాట ముందు కూర్చోవడానికి ఇష్టపడరు, స్కూలు యూనిఫాంలు కుట్టే గార్మెంటు షెడ్లకు వెళ్తారు. వాళ్లకు సంక్షేమ నిధి లేదు, లాగ్‌బుక్ లేదు. అసలు ఆ నిధికి ఆధారమైన బీడీ సెస్ కూడా 2017 జూలైలో జీఎస్టీ రాకతో పోయింది. 1966 చట్టం 2020 నాటి కొత్త కార్మిక చట్టం (కోడ్)లో కలిసిపోయింది. అమ్మమ్మ తరం గెలుచుకున్న కాగితాలు మనవరాలికి పనికిరావు. ఆమెకు మళ్లీ మొదటినుంచి అర్జీ రాయాలి.

మా చిన్నమ్మ పోయిన ఏడాది కుంభారికి మారింది. అమ్మమ్మ రేకు డబ్బా ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. మొన్న వెళ్తే కొత్త గోడకు ఆనుకుని చాట పెట్టుకుని కూర్చుంది. మాటల మధ్యలో అడిగింది:

“ఇక్కడ మన కార్పొరేటర్ ఎవరు రా?”

“ఇది నగరం కాదు చిన్నమ్మా, ఇక్కడ కార్పొరేటర్ ఉండడు. గ్రామపంచాయితీ, సర్పంచ్ ఉంటారు.”

“సరే, నల్లా గురించి ఎవరి ఆఫీసు ముందు కూర్చోవాలో అది చెప్పు,” అంది, ఆకు మీదనుంచి తల ఎత్తకుండానే.